పరుగెత్తిన పిల్లకు టైం రాసివ్వండి

కర్నూలు జిల్లాలో స్కూలు పిల్లలకు అథ్లెటిక్స్ పోటీలు నడిపే పెద్దలందరికీ, అంటే తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు (పీఈటీలకు, పీడీలకు), హెడ్మాస్టర్లకు, భోజనాల ఖర్చు పెట్టుకునే దాతలకు, జెండా ఊపి పోటీలు మొదలుపెట్టే నాయకులకు నమస్కారం.

నేను మీకు కొత్తేం కాదు. ఆదోని వైపు ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, మీలో చాలామంది పక్కన నిలబడి విజిల్ ఊదినదాన్నే. పేరూ స్కూలూ రాయడం లేదు. రాస్తే ఇది ఫలానా మీట్ గురించి, ఫలానా సార్ గురించి అని గ్రూపుల్లో గొడవ మొదలై అసలు సంగతి పక్కకు పోతుంది. ఏ ఒక్కరి మీదా ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు, నేను చూసిన మీట్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి కాబట్టి.

అడిగేది ఒకటే. మన దగ్గర పరుగెత్తిన ప్రతి ఆడపిల్లా ఎన్ని సెకండ్లలో పరుగెత్తిందో సరిగ్గా కొలిచి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి చేతికివ్వండి. "100 మీటర్లు, ప్రథమ స్థానం" అని ఇస్తున్నాం కదా, దాని పక్కన టైం కూడా. మొదటి ముగ్గురికే కాదు, ఆఖరున వచ్చిన పిల్లకు కూడా.

ఇంతేనా అంటారేమో. సింథటిక్ ట్రాక్ అడగొచ్చు, స్పైక్స్ అడగొచ్చు, హాస్టల్ అడగొచ్చు. అవి అడిగేవాళ్లు ఉన్నారు, వినతిపత్రాలు వెళ్తూనే ఉన్నాయి, వచ్చినప్పుడు వస్తాయి. నేను అడిగేదానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, వచ్చే మీట్ నుంచే చేయొచ్చు. దీని మీదే ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలంటే ముందు జ్యోతి యర్రాజి గురించి మాట్లాడాలి.

జ్యోతి మన రాష్ట్రం అమ్మాయే, విశాఖపట్నం. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసి సంసారం నెట్టుకొచ్చిన మనిషి. స్కూల్లో వ్యాయామం టీచరు ఆ పిల్ల పొడుగు చూసి, దారిలో పెట్టిన అడ్డంకుల మీదుగా దూకుతూ పరుగెత్తే హర్డిల్స్‌కి పనికొస్తుందని పట్టుకున్నారు. అక్కణ్నుంచి హైదరాబాద్ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో నాగపురి రమేశ్ గారి దగ్గరకు, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అనే కోచ్ దగ్గరకు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్ దాకా వెళ్లిన మొదటి భారతీయురాలు. పేదిల్లు, పట్టుదల, పతకాలు అని పేపర్లలో అందరం చదివాం. స్కూలు అసెంబ్లీలో పిల్లలకు చదివి వినిపించాం కూడా. కానీ ఆ కెరీర్‌ని తేదీల వారీగా పెట్టుకుని చూస్తే నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది వేరే.

2020 జనవరి, కర్ణాటకలోని మూడబిద్రి, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీలు. జ్యోతి 13.03 సెకండ్లలో పూర్తిచేసింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ పేరు మీద 13.38, అది 2002 నాటిది. మూడో వంతు సెకండు కంటే ఎక్కువ తేడాతో పాత రికార్డును దాటేసిందన్నమాట, పొట్టి పరుగుల్లో అది చాలా పెద్ద తేడా. అయినా రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. ఎందుకంటే ఆ మీట్‌లో ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున పోటీ రూలు ప్రకారం జరుగుతోందో లేదో చూసే అధికారి (టెక్నికల్ డెలిగేట్) లేరు. పిల్ల చేయాల్సింది చేసింది, పక్కన ఉండాల్సిన వాళ్లు లేరు.

2022 ఏప్రిల్, కోజికోడ్, ఫెడరేషన్ కప్. ఈసారి 13.09. అధికారులున్నారు, యంత్రాలున్నాయి. వెనక నుంచి వీచిన గాలి సెకండుకు 2.1 మీటర్లు. రూలు 2.0 దాకానే ఒప్పుకుంటుంది. మళ్లీ పోయింది! ఆ పై నెల 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తితే అప్పుడు రికార్డు ఇచ్చారు. గమనించండి, ముందు లెక్కలోకి రాని ఆ రెండు పరుగుల కంటే ఇది నెమ్మది. అప్పుడు రికార్డు పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ఇదే, ఎందుకంటే దీనికి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి.

తర్వాత అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82. గాలి రూలుకు లోబడి భారతీయ అమ్మాయి ఒకరు 13 సెకండ్ల లోపు ఈ హర్డిల్స్ దాటడం అదే మొదలు. 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో స్వర్ణం, ఆగస్టులో చెంగ్దూ ప్రపంచ యూనివర్సిటీ గేమ్స్‌లో 12.78తో కాంస్యం. పారిస్‌కి నేరుగా టికెట్ కావాలంటే 12.77 పరుగెత్తాలి. 2024 మేలో ఫిన్లాండ్‌లో పరుగెత్తింది, గడియారం మళ్లీ 12.78 చూపించింది. వందో వంతు సెకండు. ఆ వేగంలో అది ఎంత దూరమో లెక్కేస్తే ఎనిమిది సెంటీమీటర్లు కూడా రాదు, మన భాషలో బెత్తెడు. చివరికి ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్ల మీద పారిస్ వెళ్లింది. ఆ పాయింట్లు ఎక్కడివి? గుర్తింపు ఉన్న మీట్లలో, కొలిచి, రాసి, పైకి పంపిన టైంల నుంచి, స్థానాల నుంచి వచ్చినవే. పారిస్‌లో హీట్స్‌లో 13.16, వెనకబడిన వాళ్లకిచ్చే రెండో అవకాశం రెపెఛాజ్‌లో 13.17, తన స్థాయికి తగ్గ పరుగు రాలేదు, అది ఆటలో ఉండేదే. మళ్లీ 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది, ఛాంపియన్‌షిప్ రికార్డుతో.

బెత్తెడు దూరాలతో నిర్ణయమయ్యే కెరీర్లు ఇవి. పీటీ ఉష గారి సంగతి ఎవరికి తెలియదు? 1984 లాస్ ఏంజెలెస్, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్, రొమేనియా అమ్మాయి క్రిస్టియానా కోజోకారు 55.41, ఉష 55.42. కాంస్యం ఆ అమ్మాయికి వెళ్లింది. ఇప్పటికీ మనం ఆ ఒక్క వందో వంతు గురించి మాట్లాడుకుంటున్నాం. ద్యుతీ చంద్ 2021లో పటియాలాలో 11.17తో 100 మీటర్ల జాతీయ రికార్డు పెట్టింది, టోక్యోకి కావాల్సింది 11.15, ఆమె కూడా ర్యాంకింగ్ దారిలోనే వెళ్లింది. (తర్వాత డోపింగ్ కేసులో నిషేధం పడింది. అది కూడా మన పిల్లలకు చెప్పాల్సిందే, దాచిపెట్టి ఏం లాభం.)

ఇక్కడే చైనాలోని హాంగ్‌ఝౌ ముచ్చట ఒకటి చెప్పాలి, మా పిల్లలకు నేను ఫోన్‌లో చూపించే వీడియో అది. 2023 ఆసియా క్రీడలు, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది, ఆమె వెంట జ్యోతి కూడా లేచింది. అధికారులు ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి తలొంచుకుని పక్కకు పోలేదు. తెర మీద రీప్లే చూసింది, వెళ్లి వాదించింది, ముందు కదిలింది తను కాదని నిలబడి చెప్పింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. పరుగు అయ్యాక వూ యాన్నీని డిస్‌క్వాలిఫై చేసి, మూడో స్థానంలో ఉన్న జ్యోతికి రజతం ఇచ్చారు, టైం 12.91. ప్రపంచం చూస్తుండగా, ఎదుటి దేశపు స్టేడియంలో, ఆ దేశపు అమ్మాయికి వ్యతిరేకంగా ఆ పిల్ల అలా నిలబడగలిగిందంటే ధైర్యం ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. తెర మీద చూపించడానికి ఏదో ఒకటి ఉంది. ఎవరు ఎప్పుడు కదిలారో రికార్డైంది. మన మీట్‌లో ఒక పిల్ల "సార్, నేను సెకండ్ కాదు, ఫస్ట్ వచ్చినా" అంటే ఏం చూపించి వాదిస్తుంది? "ఏయ్, పో పక్కకి" అనడం తప్ప మన దగ్గర మాత్రం ఏముంది?

అందుకే మన ఫినిష్ లైన్ దగ్గర జరిగేదాన్ని ఒకసారి నిదానంగా చూద్దాం.

స్టార్టర్ సార్ అవతలి కొసన విజిల్ ఊదుతాడు. ఇవతల టైం చూసే సార్ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటే ఉంటుంది, లేకపోతే సెల్‌ఫోన్. విజిల్ వినపడగానే బటన్ నొక్కుతాడు. శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది, వంద మీటర్లు దాటి ఆయన చెవిలో పడడానికే దాదాపు 0.3 సెకండు పడుతుంది, ఆ తర్వాత వేలు కదలాలి, ఈలోపు పిల్ల అప్పటికే గీత వదిలేసి ఉంటుంది. టైం కీపర్ తుపాకీ పొగనో మెరుపునో చూసి నొక్కాలి, మోత విని కాదు అని రూలు పుస్తకంలో ఊరికే రాయలేదు. ఇక చివర్లో, పిల్ల ఇంకా గీత దాటకముందే, దాటేస్తుందిలే అన్న ఊహతో బొటనవేలు ముందే పడిపోతుంది. మొదట్లో కొంత కొట్టుకుపోయింది, చివర్లో కొంత. నిజంగా 13.6 పరుగెత్తిన పిల్ల మన నోటి లెక్కలో 13.1 అవుతుంది. పద్ధతిగా పొగ చూసి నొక్కినా సరే, 100 మీటర్లలో చేతి టైంకీ ఎలక్ట్రానిక్ టైంకీ 0.24 సెకండు తేడా ఉంటుందని లెక్కగడతారు. మన విజిల్ టైంకి ఎంత కలపాలో ఎవరూ చెప్పలేరు.

వంద మీటర్లు వందేనా అన్నది ఇంకో గొడవ. నైలాన్ తాడుతో కొలిస్తే ఎండకూ లాగుడుకూ అది సాగుతుంది. అడుగులతో కొలిచిన వంద కూడా చూశాను. పదమూడు సెకండ్ల పిల్లకు ఒక్క మీటరు తేడా వస్తే 0.13 సెకండు మారిపోతుంది. కొన్ని గ్రౌండ్లలో వంద మీటర్లు సరిగ్గా సరిపోతాయి, గీత దాటగానే కాంపౌండ్ గోడ, లేకపోతే వరసగా నిలబెట్టిన బైకులు. పిల్లలు ఏం చేస్తారు, గుద్దుకుంటామని ఎనభై మీటర్ల దగ్గరే వేగం తగ్గిస్తారు. పైగా మనది నల్లరేగడి నేల. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక వాన పడిందంటే కాలికి కేజీ బురద అంటుకుంటుంది, ఎండిందంటే పగుళ్లలో వేళ్లు ఇరుక్కుంటాయి, చాలామంది పిల్లలు వట్టి కాళ్లతోనే ఉరుకుతారు. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. నేల మార్చమని నేను అడగడం లేదు. ఆ నేల మీద ఆ రోజు ఎంతలో పరుగెత్తిందో, ఆ నేల ఎలా ఉందో రాయమంటున్నాను.

ఆదోని పత్తి మార్కెట్‌లో కాటా ఒక్క కిలో తేడా చూపిస్తే రైతు ఊరుకుంటాడా? బండి ఆపి, కాటా మార్చి, మళ్లీ తూకం వేయిస్తాడు. అదే రైతు కూతురు పరుగెత్తినప్పుడు మాత్రం "సుమారుగా" అంటే సరిపోతుందా?

సుమారుతో వచ్చే చిక్కేంటో చెప్తాను. మా స్కూల్లో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదో తరగతిలో చేరేసరికే పొడుగు, సన్నం, మోకాలు ఎత్తి పరుగెత్తే తీరే వేరు, ఎవరూ నేర్పింది కాదు. మండలంలో ఫస్ట్, డివిజన్‌లో ఫస్ట్, జిల్లాలో కూడా ఫస్ట్. మూడు సర్టిఫికెట్లు, మూడింటిలోనూ పేరు, తరగతి, ఈవెంట్, స్థానం, ముఖ్య అతిథి సంతకం. టైం ఎక్కడా లేదు. బయటి జిల్లాలో క్యాంపు నడిపే ఒక కోచ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఊరు అడగలేదు, కులం అడగలేదు, ఎత్తు కూడా తర్వాతే అడిగారు. మొదటి మాట "టైమెంత మేడం?" నేను చెప్పాను. "ఎవరు తీశారు? గన్నా విజిలా? ఎన్ని వాచీలు?" ఆయన అడగడంలో తప్పేముంది, రోజుకు ఇలాంటి ఫోన్లు ఆయనకు ఎన్ని వస్తాయో. "సరే మేడం, ఒకసారి తీసుకురండి, చూద్దాం" అన్నారు.

తీసుకుపోయేలోపు సంక్రాంతి దాటింది. మన పడమటి మండలాల్లో సంక్రాంతి ముందూ వెనకా ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆస్పరి, ఎటు చూసినా లారీలు, ట్రాక్టర్లు, మూటలు, గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి, అంటే కూలి పనులకు వలస. స్కూల్లో సగం బెంచీలు ఖాళీ. చిన్న పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, మంచిదే, కానీ పదమూడు పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఇంట్లో వాళ్లకు ఒక కూలి కింద లెక్క, లేకపోతే తమ్ముళ్లను చూసుకునే మనిషి కింద లెక్క. నేను వాళ్లింటికి వెళ్లి వాళ్ల నాయనతో మాట్లాడాను. ఆయన కోపంగా ఏం లేడు, మర్యాదగానే మంచం వాల్చి కూర్చోబెట్టాడు. "మేడం, మీరు చెప్పేది మంచికే. పాప ఉరుకుతాది, నేనూ చూసినా. కానీ ఎంత ఉరికితే ఏమొస్తాదో ఎవురన్నా చెప్తారా? ఫస్టు ఫస్టు అని మూడు కాయితాలు ఇచ్చినారు, ఆ మాదిరి కాయితాలు మా అన్న కొడుక్కి కబడ్డీలో ఇంకా ఎక్కువే ఉండాయి, వాడు ఇప్పుడు బేల్దారి పనికి పోతాండాడు. ఈ పాప ఒలింపిక్కులో ఉరికేటోళ్లకి ఎంత దూరంలో ఉందో ఒక కాయితం చూపీ, నేను ఆపుకుంటా."

ఆయన అడిగింది సరిగ్గా నేను ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నదే. జ్యోతి ఇంతలో పరుగెత్తింది, రాష్ట్రంలో మీ పాప వయసు పిల్లలు ఇంతలో పరుగెత్తుతున్నారు, మీ పాప ఆగస్టులో ఇంత, డిసెంబరులో ఇంత అని ఒక కాగితం మీద పెడితే, చదువు రాని మనిషి కూడా కూలి లెక్క చూసినంత సులువుగా చూస్తాడు. పిల్ల సుగ్గికి పోయింది. తిరిగొచ్చింది కూడా, కానీ ఆ ఏడాది క్యాంపు అయిపోయింది, మరుసటేడు పదో తరగతి. ఆ తర్వాత వాళ్లింట్లో సంబంధాల మాటలు మొదలయ్యాయి. మన దగ్గర పదో తరగతి దాటిన ఆడపిల్లకు గ్రౌండ్ ఎంత దూరమవుతుందో ఇక్కడ ఉద్యోగం చేసే ఏ మేడంని అడిగినా చెబుతుంది.

టైం ఉన్నంత మాత్రాన ఆ పిల్ల ఒలింపిక్స్‌కి వెళ్లేదని నేను అనడం లేదు. అంత అమాయకురాలిని కాను. లక్షల్లో ఒకరు వెళ్తారు. కానీ వెళ్లగలదో లేదో చూసే మనిషి దాకా కూడా మన పిల్లలు చేరడం లేదు, నా బాధ అది. విశాఖ నుంచి జ్యోతి వచ్చింది. తణుకు నుంచి దండి జ్యోతికశ్రీ వచ్చింది, పారిస్‌లో 4x400 రిలేలో పరుగెత్తింది. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి జీవంజి దీప్తి వచ్చింది, ఊళ్లో వాళ్ల మాటలు పడిన పిల్ల, 2024లో కోబెలో 55.07తో తన విభాగంలో 400 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టి, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. వీళ్లలో ఎవరిదీ డబ్బున్న ఇంటి కథ కాదు. పిల్ల పరుగు చూసి సరైన చోటుకు కబురు పంపిన మనిషి ఒకరు దొరికారు వాళ్లకు. ఆ కబురులో బలం ఉండాలంటే అంకె ఉండాలి.

మన సీమలో కడపలో క్రీడా పాఠశాల ఉంది, అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల క్రీడా గ్రామం ఉంది, దారులు బొత్తిగా లేవని అనను. కాకపోతే క్రీడా పాఠశాలలో చేర్చుకునేది ప్రధానంగా నాలుగు, అయిదు తరగతుల్లో. ఎనిమిదిలో బయటపడే పిల్లకు ఆ తలుపు మూసుకుపోయినట్టే. అలాంటి పిల్లకు ఉన్న తలుపు మన మండల మీట్, జిల్లా మీట్ మాత్రమే. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచారని తల్లిదండ్రులకు మనం గొప్పగా చెబుతున్నాం, సంతోషమే, కోటా దాకా పోవాలన్నా ముందు పిల్ల జిల్లా దాటాలి కదా.

జిల్లా దాటి రాష్ట్రస్థాయికి పోయిన పిల్లలకు కూడా మన సుమారు లెక్క ఇంకో రకంగా దెబ్బకొడుతుంది. ఇక్కడ 12.9 అని చెప్పి పంపిస్తాం. అక్కడ ఎలక్ట్రానిక్ టైమింగ్‌లో 13.7 వస్తుంది. పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తుంది, "మేడం, నేను స్లో అయిపోయినా" అని. స్లో కాలేదమ్మా, అక్కడి గడియారం నిజం చెప్పింది అంటే పిల్లకు అర్థం కాదు, టెన్షన్‌తో 200 మీటర్లు కూడా పాడు చేసుకుంటుంది. ఇలా వెనక్కి తిరిగొచ్చి మళ్లీ గ్రౌండ్‌కి రాని పిల్లలు నాకు తెలుసు.

ఇంకో మాట, ఇది చెప్పడానికి మేడంలు మొహమాటపడతారు, నేను చెప్పేస్తున్నా. బాలికల ఈవెంట్లు ఎప్పుడూ ఆఖరునే ఎందుకు? పొద్దున ప్రారంభోత్సవం, ఉపన్యాసాలు, సన్మానాలు, తర్వాత బాలుర కబడ్డీ, వాలీబాల్, బాలుర పరుగులు, భోజనాలు, సాయంత్రం ఎండ వాలాక "ఆడపిల్లలవి గబగబా కానిచ్చేయండి, బస్సులు పోతాయి" అని మైక్‌లో అరుపులు. హీట్స్ తీసేసి పదిహేను మందిని ఒకే గీత మీద నిలబెట్టి ఊదేస్తాం. టాయిలెట్ సరిగా లేదని ఆ పిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగి ఉండరు. నెలసరి రోజుల్లో ఉన్న పిల్ల అయితే చెట్టు కింద ముడుచుకుని కూర్చుని ఉంటుంది, పిలిస్తే లేచి వచ్చి పరుగెత్తుతుంది. నీళ్లు లేని ఒంటితో, ఖాళీ కడుపుతో లేదా అప్పుడే తిన్న సాంబారన్నంతో, సాయంత్రం అయిదింటికి తీసిన టైం ఆ పిల్ల టైం ఎలా అవుతుంది? పొద్దున ఎనిమిదిన్నరకు, తొమ్మిదికి, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు బాలికల 100 మీటర్లు పెట్టండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే ఆయన బాలుర కబడ్డీకి చప్పట్లు కొడతారు, ఏమీ కాదు.

ఎలా చేయాలన్నది పెద్ద విద్యేం కాదు. స్టీల్ టేపుతో ఒకసారి కొలిచి మేకులు కొట్టేస్తే ఆ గ్రౌండ్‌కి అదే వంద. స్టార్టర్ విజిల్ మానేసి రెండు చెక్కల క్లాపర్ కొట్టాలి, చెక్కలకు తెల్ల రంగు వేసి తల మీదికి ఎత్తి కొడితే అవి కలిసిన క్షణం వంద మీటర్ల దూరం నుంచి కూడా కళ్లకు కనిపిస్తుంది, చూసి నొక్కొచ్చు. మొదటి పిల్లకు మూడు వాచీలు పెడితే మూడూ మూడు రకాలుగా వచ్చినా మధ్యది తీసుకోవాలని రూలే ఉంది. వాచీలో 12.93 కనిపిస్తే రాయాల్సింది 13.0, ఎప్పుడూ పైకే, కిందికి కాదు. పక్కన "చేతి టైం" అని రాయాలి, గాలి ముందు నుంచా వెనక నుంచా అన్నది కనీసం మాటల్లో రాయాలి. మిగతా పిల్లల కోసం ఒక సెల్‌ఫోన్‌ని ఫినిష్ గీతకు సరిగ్గా పక్కన స్టూలు మీద కదలకుండా పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీస్తే చాలు. సెకండుకు 240 బొమ్మలు తీసే ఫోన్లు మన సార్ల జేబుల్లోనే ఉన్నాయి, ఎవరు ముందు దాటారన్న తగాదా అక్కడికక్కడే తీరిపోతుంది. ఇదంతా ఒలింపిక్స్ లెక్కకు పనికొస్తుందని కాదు, ఆ కోచ్ ఫోన్‌లో అడిగినప్పుడు "ఇదిగో వీడియో, ఇదిగో మూడు వాచీల టైంలు" అని చెప్పడానికి పనికొస్తుంది. ఆ మూడు వాచీల ఖరీదు మనం అతిథులకు కప్పే శాలువాలు, ఇచ్చే జ్ఞాపికలు, గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ కంటే ఎక్కువ కాదని పద్దులు చూసే ప్రతి సార్‌కీ తెలుసు.

కొందరు సార్లు నాతో అన్నారు, "మేడం, నిజం టైంలు రాస్తే మన జిల్లా పిల్లలు వీక్ అని బయటపడిపోతుంది, ఎందుకొచ్చిన తంటా" అని. బయటపడనివ్వండి సార్. ఆగస్టులో 15.2 పరుగెత్తిన పిల్ల జనవరిలో 14.6 పరుగెత్తితే ఆ ఆరు పదో వంతుల్లో మీ కష్టం కూడా ఉంది, దాన్ని రాయకపోతే మీ పని కూడా ఎవరికీ కనపడదు. ఎవరు ఫస్ట్ అన్నది పక్కన ఎవరు పరుగెత్తారన్న దాన్ని బట్టి మారుతుంది. మంచి పిల్ల ఇంకో మంచి పిల్ల పక్కన పడితే సెకండ్ వస్తుంది, ఇంటికి ఏడుస్తూ పోతుంది, ఆ సెకండ్ వచ్చిన టైం పక్క జిల్లా ఫస్ట్ కంటే మెరుగని ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

ఆఖరున వచ్చిన పిల్లకు కూడా అన్నాను కదా, దానికి కారణం ఉంది. ఆరో తరగతిలో ఆఖరున వచ్చే పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి జానెడు ఎత్తు పెరుగుతుంది. మూడేళ్ల టైంలు ఒక నోటు పుస్తకంలో పక్కపక్కనే ఉంటే ఏ పిల్ల ఎదుగుతోందో, ఏ పిల్ల ఆగిపోయిందో కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరు కూడా ఒక్క సాయంత్రంలో కనిపెడుతుంది. ఇప్పుడు పాత సార్ బదిలీ అయితే ఆయన బుర్రలో ఉన్నదంతా ఆయనతోనే పోతోంది.

మా మండలం వరకు నేను చేయగలిగింది చెబుతాను. స్కూల్లో రెండు స్టాప్‌వాచీలు ఉన్నాయి, మూడోది నేను కొంటాను. స్టీల్ టేపు పక్క ఊరి మేస్త్రీ ఇస్తానన్నాడు. క్లాపర్ మా తొమ్మిదో తరగతి పిల్లలు చేస్తున్నారు, రంగు ఇంకా ఆరలేదు. నోటు పుస్తకానికి గీతలు కొట్టి పెట్టాను, పేరు, పుట్టిన తేదీ, ఈవెంట్, మూడు టైంలు, రాసిన టైం, గాలి, నేల, ముగ్గురి సంతకాలు. ఆ పేజీ ఫోటో తీసి అదే రోజు మన పీఈటీల వాట్సాప్ గ్రూపులో పెడతాను, సన్మానాల ఫోటోల మధ్య కాస్త వెతుక్కోవాల్సి వస్తుందేమో. పిల్లకు ఇచ్చే చీటీ మీద స్కూలు ముద్ర వేయడానికి మా హెడ్మాస్టరు ఒప్పుకున్నారు.

బాలికల 100 మీటర్లు పొద్దున తొమ్మిదింటికే పెడతామన్న మాట, ఫినిష్ లైన్ దగ్గర నాతోపాటు వాచీ పట్టుకోవడానికి ఇద్దరు, ఈ రెండూ మీ వైపు నుంచి కావాలి. ఎవరు వస్తారో గ్రూపులో పేరు పెట్టండి.

ఇట్లు
ఆదోని డివిజన్ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు